నడుస్తున్న మిషన్‌కి కొత్త డిస్కు

13 మార్చి 2009, శుక్రవారం

కోల్డ్ స్టోరేజీలో గొడవ. మూడో చాంబరు ముందు జక్రయ్యను కొట్టారు. నేను కంప్యూటరు రూములో ఉన్నాను. తలుపు వేసి ఉంది. ఏమీ చూడలేదు.

14, శనివారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

బుధవారం నుంచి మూడో చాంబర్లో అమ్మోనియా వాసన. మిర్చి ఘాటుకు అలవాటుపడ్డ ముక్కులే ఓర్చుకోలేకపోయాయి. పైపు బాగుచేసేదాకా తన మనుషులెవరూ లోపలికి పోరని హమాలీల మేస్త్రీ జక్రయ్య చెప్పేశాడు. అందర్నీ గేటు బయట కూర్చోబెట్టాడు. నరసరావుపేట రోడ్డు మీద బస్తాల ట్రాక్టర్లు కిలోమీటరు పొడుగున ఆగిపోయాయి. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఓనరు కొడుకు ప్రేమ్‌చంద్ వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. జక్రయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిపించాడు.

"నువ్వు పోరా ముందు. నీ ఎనకాల వాళ్ళే వస్తారు" అన్నాడు ప్రేమ్‌చంద్.

"మీరు ముందు నడవండి సార్. మీ ఎనకాల నేనొస్తా" అన్నాడు జక్రయ్య.

అక్కడ మొదలైంది. బస్తాలెత్తే కొక్కెం గోతంలో దిగే చప్పుడు నేను రోజుకు వెయ్యిసార్లు వింటాను. నిన్న విన్నది ఆ చప్పుడు కాదు. తలుపు వేసి ఉంది కాబట్టి విన్నానే గానీ చూడలేదు.

మా అక్క నసీమున్నీసా మొగుడు హయాత్ బావ, జక్రయ్య పన్నెండేళ్ళుగా జత. బస్తా ఎత్తడానికి ఇద్దరుండాలి. జతగాడు మారితే నడుం పోతుందని హమాలీలు ప్రాణం మీదికొచ్చినా జత మార్చుకోరు. నిన్న బావకు జ్వరం. తన కొక్కెం చాంబరు గుమ్మానికి ఆనించి, షెడ్డు వెనక ఖాళీ గోతాల మీద పడి నిద్రపోయాడు. కొక్కెం గుమ్మం దగ్గరుంటే మనిషి వంతు పోలేదని లెక్క. తోటివాడు దాన్ని ముట్టుకోడు. ప్రేమ్‌చంద్ మనుషులు హమాలీలు కారు. చేతికందింది తీసుకుని దానితోనే కొట్టారు. బావ లేచి వచ్చేసరికి వాళ్ళు లేరు. జక్రయ్యను భుజాన వేసుకుని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఇవాళ పొద్దున పోలీసులు బావను పట్టుకెళ్ళారు. బావ కొక్కెం, బావ చొక్కా నిండా రక్తం. జతగాళ్ళ తగాదా అట. ప్రేమ్‌చంద్ మనుషులిద్దరూ కళ్ళారా చూశామని సంతకాలు పెట్టారు.

15, ఆదివారం

మూడో చాంబరు గుమ్మం మీద కెమెరా ఉంది. దానికింకా వైరు లాగలేదని ప్రేమ్‌చంద్ అనుకుంటున్నాడు. మంగళవారం నేనే లాగాను, చెప్పడం మర్చిపోయాను. రికార్డయి ఉండదులే.

16, సోమవారం

తెల్లవారేసరికి జక్రయ్య పోయాడు.

అక్క వచ్చింది. ఏడవలేదు. "పోలీసులు ఇప్పుడు హత్య అంటన్నారంట. ఇషాకూ, నువ్వక్కడే ఉన్నావు కదరా. ఒక మాట చెప్పు" అంది. తలుపు వేసి ఉందని చెప్పాను. అక్క వెళ్ళాక సిద్దికా అన్నం పెడుతూ, "మీ రూముకి అద్దం ఉందిగా, అందులోంచి కూడా కనపళ్ళేదా?" అంది. మామూలుగానే అంది. పెళ్ళాం ఆ మాత్రం అడగకూడదా? నేను కంచం గోడకేసి కొట్టాను. ఆమెకు తగలాలని కాదు. తగిలింది. కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఆర్ఎంపీ డాక్టరు ఎలా తగిలిందని అడిగితే గడప అంది. తనే అంది, నేను చెప్పమనలేదు.

17, మంగళవారం

రిమాండుకు తీసుకొచ్చినప్పుడు కోర్టు వరండాలో బావను చూశాను. అరికాళ్ళు కమిలి, వాచి, చెప్పుల్లో పట్టడం లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వంద కేజీల బస్తాతో మెట్లెక్కే మనిషి.

"జక్రయ్య ఆటోలో ఒకటే మాటన్నాడురా" అన్నాడు బావ. "కంప్యూటరు తలుపు, కంప్యూటరు తలుపు అని. నీ రూము కాడికి గానీ వచ్చాడా?"

"తలుపు వేసి ఉంది బావా."

బావ నా వంక చూశాడు. కానిస్టేబులు లాక్కుపోయాడు.

బయటికొచ్చి మోటారు సైకిలు కిక్కు కొట్టబోయి, స్టార్టు కాకపోతే దాన్ని కింద పడేసి తన్నాను. బొటనవేలి గోరు లేచింది. బాగైంది.

18, బుధవారం

రికార్డయింది. శుక్రవారం మూడు గంటల ముక్క కెమెరాల మిషన్లో ఉంది. జాబితాలో పేరు కనపడుతోంది, తెరిచి చూడటానికి లేదు.

అక్కకు విడమరిచి చెబుతున్నట్టు రాస్తాను, రాస్తే నాకూ తెలుస్తుంది. సర్వరు అనే ఇనప్పెట్టె ఒక్కటే. దాని లోపల మూడు మిషన్లున్నట్టు మూడు లైనక్సులు నడుస్తాయి. ఒకటి బస్తాల లాట్ల లెక్కకు, ఒకటి చాంబర్ల చలి చూడటానికి, ఒకటి కెమెరాలకు. ఒకే ఇంట్లో మూడు కాపురాలు. కెమెరాల మిషన్ డిస్కు నిండిపోయింది. శుక్రవారం ముక్కను మామూలు వీడియోగా విడదీయాలంటే ఆ మిషన్‌కే ఖాళీ చోటు ఉండాలి. సర్వర్లో చోటుంది. నలభై జీబీ కొత్త డిస్కు చేసి కెమెరాల మిషన్‌కి తగిలించాను. తగిలించానని సర్వరు అంటోంది. మిషన్‌ని అడిగితే పాత డిస్కొక్కటే ఉందంటోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే సంత.

ఆపి మళ్ళీ లేపితే చూస్తుంది. కానీ ఆ కెమెరాల సాఫ్టువేరు లేవగానే చేసే మొదటి పని, మూడు రోజుల కన్నా పాతవన్నీ చెరిపెయ్యడం. అమ్మినవాడు అలా కట్టి ఇచ్చాడు. ఎక్కడ కట్టాడో నాకు దొరకడం లేదు. కాబట్టి మిషన్ ఆగకూడదు. నడుస్తూ నడుస్తూనే కొత్త డిస్కును చూడాలి. అది చూస్తే బావ బయటికొస్తాడు. చూడకపోతే ఉరో, యావజ్జీవమో.

19, గురువారం

హైదరాబాదులో పనిచేసే వాసింకి ఫోను చేశాను. మేమిద్దరం గుంటూర్లో ఒకే చోట కంప్యూటరు కోర్సు చేశాం.

"రీబూట్ కొట్టరా, పోద్ది."

"కొట్టకూడదని చెప్తన్నాగా. చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

"అరవమాక. ఒరేయ్, అది నడుస్తుండగా నువ్వెళ్ళి ఎనక నుంచి డిస్కు తగిలిస్తే దానికేం తెలుసు? లేచినప్పుడు ఒక్కసారి చుట్టూ చూసుకుంటది, అంతే. మళ్ళీ చూడమని నువ్వు చెప్పాలి." మూడు చిన్న గీతలు, మధ్యలో ఖాళీలు, వాటిని డిస్కులు తగిలే అడాప్టరు తాలూకు స్కాన్ అనే ఫైల్లోకి పంపమన్నాడు. మూడు గీతలంటే, ఏ దారినున్నా సరే, ఏ నంబర్లో ఉన్నా సరే, ఏ మూలనున్నా సరే, వెతుకు అని.

పంపాను. అడాప్టర్లు సున్నా, ఒకటి అని కనిపించాయి. రెండింటికీ పంపాను. ఏమీ లేదు. మళ్ళీ పంపాను. ఏమీ లేదు.

రెండింటప్పుడు ప్రేమ్‌చంద్ రూములోకి వచ్చాడు. "మూడో చాంబరు కాడ కెమెరా పని చేస్తందా?" అన్నాడు.

"లేద్సార్. వైరు రాలేదు."

చెంప మీద కొట్టాడు. అబద్ధమని తెలిసి కాదు, ఎవరినో ఒకరిని కొట్టాలనుంది. కళ్ళజోడు ఎగిరి సర్వరు కింద పడింది. దాన్ని వెతుక్కుంటుంటే నడుం మీద ఇంకొకటి తన్నాడు. "మీ బావ కొక్కేనికి ఊరు బెదిరిపోతంది, నువ్వు చూస్తే ఇట్టున్నావు" అన్నాడు. బయటికెళ్ళి ఇనప రాడ్డుతో కెమెరాను పగలగొట్టించాడు. ముక్కలు గుమ్మం నిండా పడ్డాయి. వెళ్తూ, "రేపు సాయంత్రానికి ఈ పెట్టెలన్నీ ఆపి, కడిగేసి, కొత్తగా మొదలెట్టు" అన్నాడు. సరేనన్నాను. సార్ అని కూడా అన్నాను.

వాణ్ణి ఎక్కడెక్కడ పొడవాలో దారి పొడుగునా అనుకుంటూ ఇంటికొచ్చాను. మెడ దగ్గర మొదలుపెట్టాను, అరండల్‌పేట దాటేసరికి మోకాళ్ళ దాకా వచ్చాను.

20, శుక్రవారం

ఇది పూర్తిగా రాయాలి.

పదకొండింటికి హమాలీలు వచ్చారు. రెండు వందల మంది ఉంటారు. జక్రయ్యను పాతిపెట్టి మూడు రోజులైంది, బావ జైల్లో ఉన్నాడు, ఎవరు కొట్టారో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. గేటు పెరికేశారు. ఆఫీసు అద్దాలు ఒక్కటి మిగల్లేదు. గుమాస్తా తల పగిలింది. లోపల ఆగి ఉన్న ట్రాక్టర్లోంచి మిర్చి బస్తాలు లాగి, చీల్చి, కిరసనాయిలు పోసి అంటించారు. ఎండుమిర్చి తగలబడితే గాలి ఎలా ఉంటుందో ఈ జిల్లాలో పుట్టినవాడికి వేరే చెప్పాలా? పోలీసులు లాఠీలు వదిలేసి రోడ్డు మీద పడి వాంతులు చేసుకున్నారు. అంటించినవాళ్ళూ అంతే. దగ్గుతూ కొట్టుకున్నారు, కళ్ళు కనపడక ఎవరిని కొడుతున్నారో తెలియకుండా కొట్టుకున్నారు.

నేను రూములో గడియ పెట్టుకుని, తువ్వాలు తడిపి మూతికి కట్టుకుని కూర్చున్నాను. అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెట్టింది. దానికి అరగంట ప్రాణం. అది ఆగితే మిషన్ ఆగుతుంది, మళ్ళీ లేస్తే శుక్రవారం ముక్క ఉండదు.

అడాప్టర్ల జాబితా మళ్ళీ తీశాను. సున్నా, ఒకటి. కిందికి జరిపితే రెండు. నిన్న కిందికి జరపనే లేదు, తెరలో కనిపించిన రెండింటితో ఆగిపోయాను. నన్ను చెప్పుతో కొట్టాలి. మూడు గీతలు కొట్టి రెండో నంబరుకు పంపాను.

ఒక్క క్షణం. లాగ్‌లో నాలుగు వరుసలు కదిలాయి. కొత్త డిస్కు, నలభై జీబీ. మిషన్ ఆగలేదు, కునుకు కూడా తియ్యలేదు, ఇంతసేపూ అక్కడే ఉన్నదాన్ని ఇప్పుడు చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మిర్చి వల్ల. డిస్కు ఫార్మాటు చేసి, తగిలించి, వీడియో విడదీయడం మొదలుపెట్టాను. ఇరవై రెండు నిమిషాల బ్యాటరీ ఉంది, పద్నాలుగు నిమిషాల పని అంది.

నలభై శాతం దగ్గర తలుపు మీద దెబ్బలు పడ్డాయి.

"ఇషాకూ, తలుపు తియ్యి. చంపేస్తన్నారు. తియ్యరా" అని ప్రేమ్‌చంద్ గొంతు. వెనకాల హమాలీల కేకలు. అద్దంలోంచి చూశాను. చొక్కా లేదు, ముక్కు లోంచి రక్తం, రెండు అరచేతులతో తలుపును బాదుతున్నాడు. వాళ్ళు పదడుగుల దూరంలో ఉన్నారు. తీస్తే వీడు తెర చూస్తాడు. తియ్యకపోతే వీడు చస్తాడు, నాకు అంతకన్నా కావలసింది లేదు. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. చెయ్యి ఎటూ జరగలేదు.

తీశాను. జుట్టు పట్టుకుని లోపలికి లాగి, మళ్ళీ గడియ పెట్టాను.

ఎందుకు తీశావని నన్ను నేను అడిగితే జవాబు ఒకటే. పోయిన శుక్రవారం తియ్యలేదు. తలుపు వేసి లేదు మొన్న, తెరిచే ఉంది, నేనే వేశాను. రాసేశాను, కొట్టెయ్యను. అయినా అప్పటికి జక్రయ్య ఇంకా దూరంగానే ఉన్నాడు. ఆయన మొహాన వెయ్యలేదు. గొడవ చూసి వేసుకున్నాను, ఎవరైనా వేసుకుంటారు.

ప్రేమ్‌చంద్ నేల మీద పడి దగ్గాడు, కక్కాడు. తల ఎత్తి తెర చూశాడు. తెర మీద పోయిన శుక్రవారం తారీకు, మూడో చాంబరు పేరు ఉన్నాయి. వాడికి ఒక్క నిమిషం పట్టింది అర్థం కావడానికి. ప్లగ్గు వైపు పాకాడు. నేను కీబోర్డు ఎత్తి వాడి తల మీద కొట్టాను. మీటలు ఊడి రూమంతా చిందాయి. లేవబోతే మళ్ళీ కొట్టాను, అది రెండు ముక్కలయ్యేదాకా కొట్టాను. తర్వాత వాడి వీపు మీద కూర్చున్నాను. తొంభై నాలుగు, తొంభై ఆరు. "నీకేం కావాలో చెప్పు" అన్నాడు వాడు కింద నుంచి. వంద అయ్యాక పక్క కంప్యూటరు కీబోర్డు తెచ్చుకుని, ఆ కంప్యూటర్లోకి వీడియో పంపి, రెండు సీడీల్లోకి ఎక్కించాను. రెండో సీడీ బయటికొచ్చాక యూపీఎస్ ఆగింది. సర్వరు ఫ్యాన్లు ఆగాక రూములో వాడి ఊపిరి ఒక్కటే వినపడింది.

హమాలీలు మంట వైపు మళ్ళిపోయారు. పోలీసులొచ్చి ప్రేమ్‌చంద్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు, హమాలీలు కొట్టారని వాడే చెప్పాడు. నా పేరు చెబితే సీడీ సంగతి కూడా చెప్పాలి మరి.

21, శనివారం

ఇంట్లో కంప్యూటరు ముందు ఒక్కణ్ణే కూర్చుని సీడీ చూశాను. సిద్దికాను అక్క ఇంటికి పంపాను.

మూడు గంటల ఏడు నిమిషాలకు మొదటి దెబ్బ. ప్రేమ్‌చంద్ మొహం స్పష్టంగా ఉంది, కొక్కెం వాడి మనిషి చేతిలో ఉంది. బావ ఎక్కడా లేడు. బావ బతికాడు.

మూడు గంటల ఎనిమిది నిమిషాలకు జక్రయ్య విడిపించుకుని నా రూముకు పరిగెత్తాడు. ఆ కెమెరాలో నా తలుపు కూడా పక్క నుంచి పడుతుంది. దూరంగా లేడు. గుమ్మం పట్టుకున్నాడు. నేను తలుపు తోశాను. పడలేదు, ఆయన వేళ్ళు గుమ్మంలో ఉన్నాయి. మళ్ళీ భుజం పెట్టి తోశాను. పడింది. ఆ వేళ్ళు ఆయన లాక్కున్నాడా లేదా అన్నది చూడలేక ఆపేశాను. తర్వాత వేసి చూశాను. వెంటనే లాక్కోలేకపోయాడు.

పదకొండు సెకన్లు. కోసేసి ఇంకో సీడీ చేశాను. కేసుకు వాటితో పనిలేదు.

22, ఆదివారం

పనిలేదు.

23, సోమవారం

బావ కేసు చూస్తున్న లాయరు అబ్దుల్ ఖాదర్ గారికి కోసిన సీడీ ఇచ్చాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశారు. "ప్రేమ్‌చంద్ దొరికిపోయాడు" అన్నారు. తర్వాత తెర మూల వేలు పెట్టారు. "ఇక్కడ టైము ఎగిరిందేమిటయ్యా? ఎనిమిది నిమిషాల పద్నాలుగు సెకన్ల తర్వాత ఇరవై ఆరు వచ్చింది. మధ్యలో ఏముంది?"

"ఏం లేదు సార్. పాడైంది."

"అవతలి లాయరు ఈ ఒక్కటి పట్టుకుని మొత్తం దొంగ వీడియో అని పారేయిస్తాడు. మీ బావ లోపలే ఉంటాడు. నాకు మొత్తం కావాలి."

కొయ్యని సీడీ ఒకటి చొక్కా లోపలే ఉంది. తెచ్చుకోకుండా ఉండొచ్చుగా, ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు. ఇచ్చాను. ఆయన చూశారు. ఆ పదకొండు సెకన్లూ అయ్యాక కేసు కట్ట విప్పి ఒక కాగితం తీశారు. "పోస్టుమార్టంలో వేళ్ళు నలిగాయని రాశారు. అదీ మీ బావే చేశాడన్నారు" అన్నారు.  

ఈ మాట అక్కకు నేనే చెప్పాలన్నారు లాయరు గారు. చెప్పాను. అక్క విని, లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

9 ఏప్రిల్, గురువారం

బావ బయటికొచ్చాడు. ప్రేమ్‌చంద్, వాడి మనుషులు లోపలికెళ్ళారు.

బావ ఇంటికొచ్చి నన్ను కొట్టాడు. ముందు పన్ను ఒకటి పోయింది. నేను చెయ్యి ఎత్తలేదు. అలిసిపోయి ఆగాడు. "నాకు జత లేకుండా చేశావురా" అన్నాడు. అని నా పక్కనే కూలబడ్డాడు.

10, శుక్రవారం

సిద్దికా కనుబొమ మీద కుట్ల మచ్చ ఉండిపోయింది. కంచం ఆమెకు తగలాలనే విసిరానని చెప్పాను. తెలుసంది.

17, శుక్రవారం

జక్రయ్య భార్య దీనమ్మ ఇంటికొచ్చింది. లాయరు గారి దగ్గర వీడియో మొత్తం చూసిందట. నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొట్టడానికి వీలుగా దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ఆమె కూర్చోలేదు.

"ఆయన ఫొటో ఒక్కటి లేదు ఇంట్లో. రేషన్ కార్డు మీదది చెరిగిపోయింది. ఆ కెమెరాలోంచి ఒక ఫొటో తీసివ్వగలవా?" అంది.

మొత్తం వెతికాను. అన్నిట్లో వంగి ఉన్నాడు, లేదా కింద పడి ఉన్నాడు. మొహం నిండుగా కనపడేది ఒక్క చోటే. నా గుమ్మం పట్టుకున్నప్పుడు.

18, శనివారం

ఆ బొమ్మలో సగం తలుపు, తలుపు సందులో నేను. నన్ను కోసేసి, బ్రాడీపేటలో కలర్ ల్యాబులో తీయించి పట్టుకెళ్ళాను. దీనమ్మ వెలుతుర్లోకి తీసుకెళ్ళి చూసింది.

"నువ్వేమయ్యావు ఇందులో?" అంది.

"నేనెందుకక్కా, తీసేశాను."

"ఉండాలి. నువ్వు లేకపోతే ఆయన ఎవర్ని బతిమాలుతున్నాడో చూసేవాళ్ళకెట్టా తెలుస్తది?"

మళ్ళీ ల్యాబుకెళ్ళాను. ఇద్దరం ఉన్నది పెద్ద సైజులో తీయించి, ఫ్రేము కట్టించి తెచ్చాను. గోడకు మేకు నన్నే కొట్టమంది. కొట్టాను.